లోకంలో లేని సముద్రం

"మీ మొహం ఒకసారి ఇటివ్వండి కాంట్రాక్టరుగారూ" అన్నాడు మా మరిది.

నేనప్పుడు ప్రింటింగు షాపులో కిటికీ పక్కన కూర్చుని, బట్ట బ్యానర్లకి అంచులు మడిచి కుడుతున్నాను. ఆ షాపులో అచ్చయ్యే బట్టలన్నిటికీ అంచులు కుట్టేది నేనే. మొహం ఇవ్వమనడమేంటి, చెయ్యిచేసుకునే దాకా వచ్చారా అని మిషను ఆపి తలెత్తాను.

గొడవ అప్పటికే చాలాసేపటి నుంచి నడుస్తోంది. ఓడరేవులో కొత్తగా ఒక హాలు కట్టారు. ఓడల మీద పనికి వెళ్ళినవాళ్ళ తాలూకు మనుషులు వచ్చి, కూర్చుని, కబురు తెలుసుకుని పోయే హాలు. దాని నడిమధ్య లావుపాటి గుండ్రటి స్తంభం ఉంది. ఆ స్తంభానికి రేకుతో పెద్ద పీపాలాంటిది తొడిగి, దాని నిండా గళ్ళ దుప్పటిలా వరసలు వరసలుగా చిన్న బల్బులు బిగించారు. వాటి మీద ప్రపంచపటం అచ్చువేసిన పల్చటి బట్ట చుట్టాలి. పక్కనున్న బల్ల మీద ఓడ పేరు నొక్కితే, ఆ పూట ఆ ఓడ ఏ సముద్రంలో ఉందో అక్కడ దీపం వెలుగుతుంది. పటం మా మరిది పని. పీపా కాంట్రాక్టరు పని. ఆయన పీపాని కావలసిన దానికన్నా ఎత్తుగా చేయించి కూర్చున్నాడు.

"పైన జానెడు ఖాళీ కనిపిస్తుందయ్యా. పటాన్ని కాస్త నిలువుగా సాగదీస్తే నీ సొమ్మేం పోయింది?"

"బల్బులు సాగవు కదండీ. పటం సాగితే ఊరొకచోట, దీపమొకచోట అవుతుంది."

"ఎవడికి తెలుస్తుంది? భూమి వచ్చి అద్దంలో చూసుకుంటుందా ఏంటి!"

అప్పుడడిగాడు మొహం. కాంట్రాక్టరు ఫోనులోంచి ఆయన ఫొటోనే కంప్యూటరులోకి తెచ్చి, పీపా ఎంత ఎక్కువ ఎత్తు ఉందో అంత నిలువుగా లాగాడు. ఆయన మొహం సొరకాయలా సాగింది. గడ్డం ఎక్కడో కిందికి పోయింది. షాపులో ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేక దగ్గారు. నాకు దగ్గడం చేతకాదు, నవ్వేశాను.

"ఇదెవరయ్యా?" అన్నాడు కాంట్రాక్టరు.

"మీరే. కళ్ళు మీవే, మీసం మీదే. ఒక్క వెంట్రుక తగ్గించలేదు, ఒక్కటి కలపలేదు. దీన్ని ఫ్రేము కట్టించి మీ ఇంటికి పంపిస్తాను, మీ ఆవిడ లోపలికి రానిస్తుందేమో చూద్దాం."

ఆయన మొహం ఎర్రబడింది.  చివరికి, "సరేలేవయ్యా, పైపట్టీ కోయిస్తాను. నూలుపోగంత దానికి ఇంత రభసా!" అని విసురుగా వెళ్ళాడు.

నూలుపోగు అనేది షాపులో మా మరిదికి ఎప్పటినుంచో ఉన్న పేరే. నూలుపోగంత తేడాకి ఊరంతా ఏకం చేస్తాడని. ఆ సంగతి కాంట్రాక్టరుకి తెలియదు, తెలియకుండానే ఆ పేరే పెట్టి పిలిచిపోయాడు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మా మరిది జేబులో సుద్దముక్కలు వేసుకుని తిరిగే పిల్లాడు. గోడ కనిపిస్తే గీత గియ్యాల్సిందే. ఆ గీత వంకర పోతే చెరిపి మళ్ళీ గియ్యాల్సిందే. అన్నం చల్లారిపోతోందని నేను అరుస్తుంటే, "ఉండు వదినా, ఇది ఇంకా నిటారుగా లేదు" అనేవాడు. మా ఆయనకి చిర్రెత్తుకొచ్చి ఆ సుద్ద లాక్కుని పారేసేవారు. పెద్దయ్యాక సైనుబోర్డులు రాశాడు, ఆ తర్వాత ఓడలకి పేర్లు రాసే పనిలో కుదిరాడు. ఓడ పక్కన తాళ్ళతో వేలాడే చెక్క మీద నిలబడి, మనిషంత ఎత్తు అక్షరాలు రాసేవాడు. అలా రాస్తుండగానే పైనుంచి ఎవరో బకెట్టెడు గిన్నెలు కడిగిన నీళ్ళు నెత్తిన కుమ్మరించారు. తలెత్తి తిట్టబోయాడట. పైన ఒకమ్మాయి వంగి, "మీ 'సా'కి దీర్ఘం వంకరపోయింది, కడిగేద్దామని" అందట. నిజంగానే వంకరపోయిందని చూసుకున్నాడట. ఇక ఆ అమ్మాయిని కాక ఇంకెవరిని చేసుకుంటాడు! ఓడకి వంట చేసే ఆ పిల్లే నా తోటికోడలు.

కంప్యూటర్లు వచ్చి కుంచెల పని పోయినప్పుడు, మా మరిది మూలన కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు. తోటికోడలు పెట్టె సర్దుకుంది. "నువ్వు ఆ మాయదారి పెట్టె నేర్చుకో. నేను ఓడెక్కి వంట చేసి నడిపిస్తాను" అంది. అప్పటినుంచీ వాళ్ళ కాపురం అంతే. ఆవిడ నెలల తరబడి నీళ్ళ మీద, ఈయన ఒడ్డు మీద. మగాడు కిటికీలోంచి చూస్తూ పెళ్ళాం కోసం ఎదురుచూడటం ఏమిటని వీధిలో కొందరు నోళ్ళు నొక్కుకున్నారు. నా ముందు మాత్రం నొక్కుకోలేదు. నా నోరు వాళ్ళకి తెలుసు.

పటాల పిచ్చి అలాగే పట్టుకుంది. ఆవిడ ఎక్కడుందో చూడాలని మొదలుపెట్టి, అదే బతుకుతెరువు చేసుకున్నాడు. బళ్ళకి పటాలు, గోడ గడియారాలకి పటాలు, పిల్లల దుప్పట్లకి పటాలు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. భూమి గుండ్రంగా ఉంటుందని అప్పుడే చెప్పారు, నేనూ సరే అన్నాను. అంతకు మించి దానితో నాకు పనిపడలేదు. ఒకరోజు షాపులో పని లేక, "ఏవయ్యా, ఉన్నది ఒక్క భూమేగా, దానికి ఇన్ని రోజులు ఏం కొలుస్తావు?" అన్నాను.

"ఇలా వచ్చి కూర్చో వదినా" అని కుర్చీ లాగాడు.

ఆ పూట నేను చూసింది చెప్పడానికి నాకు మాటలు చాలవు.

గుండ్రటి దాన్ని బల్లపరుపుగా పరవాలంటే ఎక్కడో సాగాలి, ఎక్కడో చినగాలి. ఎలా పరచాలన్నది రకరకాలుగా పెద్దవాళ్ళు లెక్క కట్టి పెట్టారట. దానికి పుస్తకాల్లో ప్రక్షేపమని నోరు తిరగని పేరేదో ఉందట. మా మరిది మాత్రం పరుపు అంటాడు. ఈ పరుపు, ఆ పరుపు అని ఒక్కొక్కటీ తెరమీద తెచ్చి చూపించాడు. ఒకటి పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంది. ఒకటి గుండెకాయలా ఉంది. ఒకటి అచ్చం పలక. అన్నిట్లోనూ అవే దేశాలు, అవే సముద్రాలు. ఒకదాంట్లో ఇంతున్న మంచుదీవి ఇంకోదాంట్లో ఊబకాయంలా వాచిపోయింది.

"వీటిలో ఏది నిజం?" అన్నాను.

"మా అన్నయ్య గురించి నువ్వు మీ అమ్మ దగ్గర ఒకలా చెప్తావు, పక్కింటావిడ దగ్గర ఒకలా చెప్తావు. ఏది నిజం?"

"నోర్ముయ్" అన్నాను కానీ, నాకు అర్థమైంది.

"దేని చట్రం దానిదే వదినా. వెడల్పు మనం చెప్తే, ఎత్తెంతో అదే చెప్తుంది. మనం మధ్యలో నోరు పెట్టకూడదు. ఈ పలక పరుపు ఉంది చూశావా, దీని ఎత్తు సరిగ్గా వెడల్పులో సగం. ఓడరేవు స్తంభానికి ఇదే. ఈ గుడ్డు పరుపుకి ఎత్తు లెక్క కడితే చివర్లో అరచుక్క మిగులుతుంది. కంప్యూటరులో బొమ్మంతా చుక్కలే. అరచుక్క అంటూ ఉండదు. ఉంచాలా, తియ్యాలా అని దానితోనే నాకు రోజంతా గడిచిపోతుంది."

తర్వాత ఇంకొకటి తెచ్చాడు. పైకి పోయేకొద్దీ సాగిపోతున్న పటం. "దీన్ని ఇక్కడ కోసేశారు. కొయ్యకపోతే ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుంది, ఇంకాస్త కాగితం పడుతుంది."

"ఈ షాపులో ఉన్న కాగితం చాలదు. ఈ ఊళ్ళో ఉన్నది చాలదు. లోకంలో ఉన్న కాగితమంతా తెచ్చి అతికించుకుంటూ పోయినా, పైకొస దొరకదు వదినా. ఈ పరుపులో ఉత్తరపు కొస అందే ఎత్తు అంటూ లేదు. ఎవడైనా సరే, ఎక్కడో ఒకచోట కత్తెర పెట్టి, ఇక చాలు అనుకోవాల్సిందే."

నేను ఎంత బట్ట కొలిచినదాన్ని! ఎంత పొడుగు తానుకైనా రెండో కొస ఉంటుందనే నాకు తెలుసు. 

అంతటితో ఊరుకున్నాడా? మళ్ళీ ఆ పలక పరుపు తెచ్చి, దాని పై అంచు పొడుగునా వేలితో రాశాడు. "ఈ అంచంతా ఏంటనుకుంటున్నావు? ఒక్క చుక్క. భూమ్మీద ఒక్క మనిషి నిలబడే చోటు. దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి లాగాను. ఇక్కడ నిలబడ్డవాడు, అక్కడ నిలబడ్డవాడు, వీడు, వాడు, అంతా ఒకే చోట నిలబడ్డట్టు."

నేను ఆ అంచుకేసి చూస్తూ ఉండిపోయాను. కుట్టాల్సిన బ్యానర్లు కుప్ప పడి ఉన్నాయి. పడనీ అనుకున్నాను.

స్తంభానికి పటం చుట్టిన రోజు నన్ను కూడా హాలుకి తీసుకెళ్ళాడు. కిటికీలకి తెరలు దించారు. బల్ల మీద ఒక్కో పేరు నొక్కుతుంటే, నీలం బట్ట వెనక ఒక్కో దీపం మేలుకుంటోంది. ఆ స్తంభం చుట్టూ నడుస్తుంటే భూమి చుట్టూ నడిచినట్టే ఉంది. ఇంత పెద్ద నీళ్ళ మీద మనవాళ్ళు ఇన్ని చోట్ల ఉన్నారా అని గుండె నిండిపోయింది. నా పక్కన ఒక ముసలావిడ, నాకన్నా పెద్దది, రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆవిడ కొడుకు ఇంజను పనివాడు. నా తోటికోడలు వంట చేసే ఓడలోనే ఉన్నాడు.

మా మరిది ఆ ఓడ పేరు ఆఖరికి నొక్కాడు. చొక్కా సర్దుకుని మరీ నొక్కాడు.

పటానికి కుడి కొసన పెద్ద దీవి ఒకటుంది. దీపం ఆ దీవి పడమటి ఒడ్డు దాటి లోపల, కొండలు గీసిన చోట వెలిగింది.

"నాయనా" అంది ముసలావిడ. "ఓడ ఒడ్డెక్కేసిందా? మావాడు... ఏమైంది నాయనా?"

మా మరిది పరుగున ఆవిడ దగ్గరికొచ్చాడు. "ఏం కాలేదమ్మా. ఓడ నీళ్ళలోనే ఉంది. నా పటమే తప్పింది" అన్నాడు. కానీ ఆవిడకి మాట ఎక్కలేదు. కూలబడిపోయింది. ఓడరేవు ఆఫీసువాళ్ళు ఓడతో రేడియోలో మాట్లాడి, కొడుకు గొంతు వినిపించేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఆ పట్టుకి నా గాజులు చేతిలో దిగబడ్డాయి.

ఆవిడని బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేసరికి, మా మరిది స్తంభం వెనకవైపు ఉన్నాడు. పటం రెండు అంచులూ కలిసేది అక్కడే. అటు ఇటు పెద్ద సముద్రమే. కాంట్రాక్టరు మనుషులు రెండంచులూ పక్కపక్కన ఆనించి, లోపల్నుంచి జిగురు టేపు వేశారు. మా మరిది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కొలత టేపు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తర్వాత ఆ నీలం బట్ట మీద అరచెయ్యి పెట్టి, పిచ్చివాడిలా అడిగాడు.

"వదినా, ఈ నీళ్ళెక్కడివి?"

"ఏ నీళ్ళు?"

"రెండు వేళ్ళ మందం ఎక్కువుంది సముద్రం."

షాపుకి పరుగెత్తాం. నా మోకాళ్ళతో పరుగంటే నవ్వుతారు, కానీ పరుగెత్తాను. కంప్యూటరు ముందు కూర్చుని, పటం కింద వేసే రంగుని నీలం తీసి ఎరుపు చేశాడు. మళ్ళీ బొమ్మ తయారుచెయ్యమన్నాడు. వచ్చింది. భూమి చుట్టూ నాలుగువైపులా సన్నటి ఎర్ర అంచు.

మనం ఇన్ని చుక్కల వెడల్పు, ఇన్ని చుక్కల ఎత్తు కావాలని అడుగుతాం. కంప్యూటరు సరిగ్గా అంతే ఇస్తుంది. కానీ అది మర్యాద ఎక్కువైన పెట్టె. ఎవరూ అడక్కుండానే, భూమిని ఆ కొలతలో ఇరుగ్గా ఉండకూడదని కాస్త లోపలికి జరిపి, చుట్టూ ఊపిరాడేంత ఖాళీ వదిలిందట. ఖాళీ తెల్లగా ఉండుంటే గుడ్డివాడికైనా తెలిసేది. సముద్రం అందంగా రావాలని మా మరిది కింద రంగు కూడా అదే నీలం వేశాడు. ఖాళీ కాస్తా నీళ్ళయి కూర్చుంది. భూమి లోపలికి ముడుచుకుంది. బల్బులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే కొసల్లో ఉన్న ఒడ్లన్నీ జరిగి ఓడల మీదికొచ్చాయి.

"కాగితాన్ని కొలిచాను వదినా" అన్నాడు. "అది చుక్క తేడా లేకుండా ఉంది. లోకాన్ని కొలవలేదు."

నేను కసరబోయి ఆగాను. నూలుపోగుకి పోట్లాడే మనిషి రెండు వేళ్ళు తప్పాడు. వేరే ఎవడైనా అయితే కంప్యూటరు మీదికి నెట్టేవాడు, లేదా బల్బులవాడి మీదికి నెట్టేవాడు. మా మరిది తిన్నగా కాంట్రాక్టరు దగ్గరికే నడిచాడు. నేనూ వెంట వెళ్ళాను, ఆయనేమన్నా అంటే నేనున్నానని.

కాంట్రాక్టరు అంతా విన్నాడు. గోడకి ఆనుకుని, మీసం మీద చెయ్యి వేశాడు. "నా మొహం సాగదీసి ఊరందరికీ చూపించావే! నువ్వేమో ఏకంగా సముద్రాన్నే సాగదీశావా?"

"సాగదియ్యలేదండీ. లేని సముద్రాన్ని పుట్టించాను."

"అది ఇంకా ఘోరం కదయ్యా!"

"అవునండీ. ఇంకా ఘోరం."

అంత నిటారుగా ఒప్పుకునేసరికి ఆయనకి తిట్టడానికేం మిగల్లేదు. "సర్లే, మళ్ళీ వెయ్యి. బట్ట నేను తెప్పిస్తాను" అని తలగోక్కుంటూ పోయాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మర్నాడు తోటికోడలు ఏదో రేవులో దిగి ఫోను చేసింది.

"అక్కా, మా ఆయన నీ బుర్ర తింటున్నాడా?"

"తినడానికి నాకు మిగిల్చారా, మీ ఇద్దరూ! ఇదిగో, నిన్ను కొండెక్కించాడు."

సంగతంతా చెప్తే పగలబడి నవ్వింది. "కొండ మీద గాలి బాగుందని చెప్పు. రేపు పొద్దున్న బయల్దేరుతున్నాం. ఇక తూర్పుకి తూర్పుకి పోవడమే. ఒడ్డు కనిపించడానికి చాలా రోజులు పడుతుంది, ఫోనందదు" అంది.

నేను ఫోను పెట్టేసి చెప్పగానే మా మరిది పటం కుడి కొస మీద వేలు పెట్టాడు. తూర్పుకి పోతే ఆవిడ దీపం పటం కుడి కొస దాకా వస్తుంది. అక్కడ అంచు దాటి ఎడమ కొసన తేలుతుంది. స్తంభం గుండ్రంగా ఉంది కాబట్టి, కుడీ ఎడమా పక్కపక్కనే. దీపం ఒక అడుగు వేసినట్టే ఉండాలి. ఇప్పుడున్న బట్టలో అయితే, ఆవిడ దాటేది ఆ రెండు వేళ్ళ నీళ్ళలోంచి.

"ఎన్నో ఏళ్ళుగా అది ఎక్కడుందో నాకు తెలుసునన్న ధైర్యంతోనే బతుకుతున్నాను వదినా" అన్నాడు. "మాట లేకపోయినా, ఫోను లేకపోయినా, పటం మీద వేలు పెట్టి ఇదిగో ఇక్కడుంది అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా పెళ్ళాం లోకంలో లేని నీళ్ళలోకి పోతోంది. ఆ చోటుకి పేరు లేదు. ఆ చోటే లేదు. నేను పుట్టించాను దాన్ని."

 నోరున్నదాన్నని నాకు పేరు. ఆ పూట మాత్రం మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

కొత్త పటం తయారయింది. ఈసారి ఖాళీ సున్నా. భూమి అంచే బొమ్మ అంచు. ఎత్తు వెడల్పులో సగం, చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. కింద రంగు ఎర్రగానే ఉంచి చూశాడు, ఎక్కడా ఎరుపు తొంగిచూడలేదు. తర్వాత కాగితాల మీద ముక్కలు ముక్కలుగా వేసి, హాలుకి పట్టుకెళ్ళి, ఒక్కో ఒడ్డూ ఒక్కో బల్బు దగ్గర పెట్టి చూసుకున్నాడు. చూసుకున్నంతసేపూ ఆ ముసలావిడ హాల్లోనే కూర్చుని ఉంది. ఆవిడని రమ్మని కబురు పంపింది ఆయనే. మొన్న కొండల మీద వెలిగిన బల్బు ఉన్నచోటనే ఉంది, దీవి పక్కకి జరిగి నీళ్ళకి దారి ఇచ్చింది. ఆవిడ దగ్గరగా వచ్చి ఆ నీలం మీద వేలు పెట్టి తడిమింది. తడిగా ఉంటుందనుకుందేమో!

ఇక బట్ట మీద అచ్చు వేసి నా దగ్గరికి తెచ్చాడు. ఒళ్ళో పరిచాడు. చంటిపిల్లని ఇచ్చినట్టు, రెండు చేతులతో.

నేను రెండంచులూ పట్టుకు చూశాను. "మరిదీ, బడాయికి పోయి చుక్క దాకా అచ్చు వేశావు. కుట్టుకి బట్ట వదల్లేదే? మడిచి కుట్టానంటే నీ సముద్రం వేలెడు లోపలికి పోతుంది. వదిలి కుట్టానంటే తెలుపు కనిపిస్తుంది."

"అందుకే నీ దగ్గరికి తెచ్చాను."

"పోనీ మునుపటిలా లోపల టేపు వేసుకో."

"టేపు వెనక దీపం వెలగదు వదినా. అక్కడికి రాగానే చీకటైపోతుంది. ఆ ముసలావిడ గుండె ఆగిపోతుంది." కాస్త ఆగి, "నాది కూడా" అన్నాడు.

నేను అంచు గోటితో గీరి పోగులు చూస్తున్నాను. పల్చటి బట్ట, గట్టి నేత. ఆయన నా పక్కన నేలమీదే కూర్చున్నాడు, చిన్నప్పుడు సుద్దముక్కతో కూర్చున్నట్టు కాదు, నెత్తి నెరిసిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని.

"చిరుగులు పడ్డ దుప్పట్లకి నువ్వు పోగుకి పోగు కలిపి నేసినట్టు కుడతావు చూడు. తిరగేసి చూసినా చిరుగెక్కడో తెలియదు. అలా కలపాలి వదినా. మడత వద్దు, మిషను వద్దు. దారం కూడా ఈ బట్టలోంచే తీసిన పోగై ఉండాలి. పైనుంచి కిందిదాకా, ఈ అంచు ఆ అంచుకి. ఓడతోపాటే దీపం వస్తుంది, అంచు మీదికి వస్తుంది, దాటుతుంది. దాటేప్పుడు మినుక్కుమనకూడదు. నా పెళ్ళాం ఆ అంచు దాకా వచ్చేలోగా కుట్టిపెట్టు."